జడకోపులో పచ్చతాడు

ఏప్రిల్ 6, ఉదయం 7.05, పుంగనూరు బస్టాండ్

రోజా ఈ రోజు కూడా నా బస్సు ఎక్కలేదు.

చూడనట్టు నటించడం కూడా సరిగ్గా రాదు దానికి. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఫోను చెవికి పెట్టుకుంది, తలకిందులుగా. ఇది మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు, నేను కండక్టర్‌ని. రోజా పుంగనూరులో ఎక్కి పెద్దపంజాణిలో దిగాలి, అక్కడి పశువుల ఆస్పత్రిలో దాని ఉద్యోగం. నా బస్సు వదిలేస్తే వెనక బస్సు అరగంటకు గానీ రాదు. వచ్చినా సీటుండదు. ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక ఏ బస్సులో సీటుంది గనక! అయినా సరే, వేలాడుతూ పోతుంది గానీ నా మొహం చూడదు.

పోనీ. నాకేం నష్టం. నా మిక్సీ చిన్న జారు మాత్రం దాని దగ్గరే ఉండిపోయింది. పోయిన ఏడాది నుంచి చట్నీ పెద్ద జారులో వేసి, గోడలకు అంటుకున్నదంతా గరిటెతో గీక్కుంటున్నాను.

డ్రైవర్ మునిస్వామన్న అద్దంలోంచి చూసి, ఏమ్మా, మీ రోజమ్మ ఈ పొద్దు గూడా ఎక్కలేదే, మీ ఇద్దరికీ ఏమొచ్చిండాది అన్నాడు. రైట్ రైట్ అన్నాను.

ఏప్రిల్ 7

ఎక్కలేదు. ఫోను మాత్రం ఈసారి సరిగ్గా పట్టుకుంది.

ఏప్రిల్ 9, సాయంత్రం

కుప్పం నుంచి సుబ్బలక్ష్మమ్మ ఫోన్ చేసింది. అంబిక వాళ్లమ్మ. అంబిక పోయాక ఆమె నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. పోయిన శ్రావణంలో, వానలో, ప్రాక్టీసుకు వస్తూ అంబిక స్కూటీ జారింది. అంతకు మించి రాయను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గంగమ్మ జాతరకు మీ కోలాటం పిలిపిస్తాండా కమలమ్మా, కమిటీవోళ్ల ఎంటబడి ఒప్పించినా, జడకోపు ఆడాల, పదారు మందీ రావాల, బువ్వ మా ఇంట్లోనే, వంకాయ తిననోళ్లు ఎవురైనా ఉంటే ముందే చెప్పండి అంది. అన్నిటికీ ఊ అన్నాను. పెట్టేసే ముందు, రోజా బాగుండాదా అని అడిగింది. బాగుంది అన్నాను. అబద్ధం కాదు. రోజూ అంతసేపు నిలబడగలుగుతోందంటే ఆరోగ్యం బాగున్నట్టే కదా.

కుప్పం జాతరలో, పుట్టింటి వీధిలో జడకోపు ఆడాలని అంబికకు ఎంత కోరికో. ఏటా ఇంకో టీమ్‌ను పిలిచేవాళ్లు. ఏటా ఇది అలిగి రెండ్రోజులు పుట్టింటికి ఫోన్ చేసేది కాదు. ఇప్పుడు పిలుపు వచ్చింది.

మా కోలాటంలో ఒక్కో ఆట ఒక్కో కోపు, చివర ఆడేది జడకోపు. కోలలు పక్కన పెట్టేస్తాం. పైన కట్టిన చక్రం నుంచి పదహారు రంగుల తాళ్లు వేలాడతాయి, మనిషికొకటి. సగం మంది ఇటు నుంచి, సగం మంది అటు నుంచి తిరుగుతారు. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలి వైపు నుంచి, ఇంకోసారి బయటి వైపు నుంచి దాటుకుంటూ పోతే పైన జడ అల్లుకుంటుంది. మళ్లీ వెనక్కి తిరిగితే అంతా విడిపోతుంది. ఒక్క మనిషి తప్పితే ముడి. ముడి పడితే మాకు నేర్పిన రెడ్డెప్ప మాస్టర్ మొహం చూడాలి, సొంత ఇల్లు కూలిపోయినట్టు పెడతాడు.

ఎదురెదురుగా నిలబడి మొదలుపెట్టే ఇద్దరూ ఒక జత. అంబికకు జత రోజా. అంబికది చిలకపచ్చ తాడు, రోజాది ఎర్ర తాడు. అంబిక పక్కన నేను, పసుపు తాడు. డిగ్రీలో మదనపల్లెలో ఒకే అద్దె రూములో ఉన్నప్పటి నుంచి మేం ముగ్గురం అంతే. సినిమాకు పోయినా అంబిక నడిమి సీటు కోసం పేచీ పెట్టేది, ఇద్దరి దగ్గరా చెనక్కాయలు తినొచ్చని.

పదకొండో రోజు కార్యం తర్వాత నేనూ రోజా మాట్లాడుకోలేదు. గొడవేం లేదు. గొడవైతే ఎవరో ఒకరు సర్దిచెప్పేవాళ్లు. పందిట్లో ఒకరినొకరం చూశాం, ఇద్దరం తల తిప్పుకున్నాం. తర్వాత నేను చేస్తే అది ఫోను తీయలేదు. అది చేసిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను, తిరిగి చేయలేదు. ఎందుకు చేయలేదో నాకూ తెలియదు.

నాకు రోజా కావాలి. జాతర సంగతి తర్వాత. ఇది ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

ఏప్రిల్ 12, ఆదివారం

కల్యాణ మండపం వెనక, ఎప్పుడూ ప్రాక్టీసు చేసే రేకుల షెడ్డులో అందరం కలిశాం. చక్రాన్ని దూలానికి కట్టి చాలా కాలమైంది, తాళ్లన్నీ దుమ్ము. అందరూ కలిసి ఉతికి ఆరేశాం. చిలకపచ్చ తాడు నేనే ఉతికాను.

వచ్చింది పద్నాలుగు మంది. రెడ్డెప్ప మాస్టర్ లెక్క చూసుకుని, పద్నాలుగైనా సరి సంఖ్యే గదమ్మా, రెండు తాళ్లు ఇప్పేసి ఆడుదాం అన్నాడు. కుదరదన్నాను. పదహారు మందీ రావాలని అంబిక వాళ్లమ్మ చెప్పిందన్నాను. మరి తాడు పట్టే మనుసులు యాడుండారు అన్నాడు.

ఒక మనిషి సాయంత్రానికే దొరికింది. కుసుమ, సచివాలయంలో ఉద్యోగం, ఇరవై అయిదేళ్లుంటాయి. యూట్యూబు చూసి అన్ని కోపులూ నేర్చుకుందట. నిజంగానే నేర్చుకుంది! పొల్లు పోకుండా ఆడుతుంది. మాస్టర్ తాళం ఒకచోట తొందరైతే, సార్, ఇక్కడ కొంచెం స్పీడైంది అని కూడా చెప్పింది. మాస్టర్‌కు మింగుడు పడలేదు. నాకు భలే నచ్చింది.

పచ్చతాడు ముందు నిలబడి, అక్కా, నేను పట్టుకోవచ్చా అని అడిగింది. పట్టుకోమన్నాను. అడిగిన పద్ధతి బాగుంది.

ఇక ఎర్ర తాడు ఒక్కటే.

ఏప్రిల్ 15, ఉదయం

మునిస్వామన్నకు నేనేమీ చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు.

పుంగనూరు బస్టాండ్‌లో రోజా ఎప్పుడూ నిలబడే స్తంభం ముందే, మన డోరు దాని ముక్కుకు తగిలేంత దగ్గరగా తెచ్చి బస్సు ఆపాడు. ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, బీడీ కట్ట తీశాడు. ఆర్టీసీలో చేరినప్పటి నుంచి ఆయన బీడీ కాల్చగా నేను చూడలేదు. ఆ కట్ట ఎవరి దగ్గర అరువు తెచ్చాడో. రైట్ రైట్ అని అరిచాను. కదల్లేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. లోపల ఒక ముసలాయన, ఏమప్పా, ఈడనే కాపురం పెడతావా అని కేకలేశాడు. మునిస్వామన్న మాత్రం రోజా వైపు చూసి, అమ్మా, నువ్వు ఎక్కితే నేను పోతా, లేకుంటే ఈ బండి ఈ పొద్దు కుప్పం పోయేది లేదు అన్నాడు.

బస్టాండ్ అంతా రోజానే చూస్తోంది. ఎక్కింది. చెవుల దాకా ఎర్రబడింది మొహం.

ఫ్రీ అయినా సున్నా టికెట్టు కొట్టాలి. కొట్టాలంటే ఊరు అడగాలి. ఇన్ని నెలల తర్వాత నా స్నేహితురాలితో నేను మాట్లాడిన మొదటి మాట, యాడికి. అది చెప్పిన మొదటి మాట, పెద్దపంజాణి. టికెట్టు మిషన్ కూడా ఇంత కంటే ప్రేమగా మాట్లాడుతుంది.

టికెట్టు ఇస్తూ, ఆదివారం ప్రాక్టీసు, కుప్పం జాతరకు, సుబ్బలక్ష్మమ్మ పిలిచింది అని గబగబా చెప్పేశాను. రోజా కిటికీ వైపు తిరిగింది. దిగేటప్పుడు, వస్తాలే అంది, నాతో కాదు, మెట్లతో.

వస్తాలే అంది!

ఏప్రిల్ 19, ఆదివారం

రోజా వచ్చింది. జారు తేలేదు.

ఎర్ర తాడు పట్టుకుంది. ఎదురుగా పచ్చతాడుతో కుసుమ. మాస్టర్ పాట ఎత్తుకున్నాడు. అబ్బా, ఎంత బాగా మొదలైందో. పైకి చూస్తే జడ నున్నగా దిగుతోంది. నా పసుపు, దాని ఎరుపు ఒకదాని మీద ఒకటి పడుతుంటే చెప్పలేనంత సంతోషం వేసింది. పాట జోరందుకునే చోట మాస్టర్ గొంతు పెంచాడు.

ఠంగుమని శబ్దం. రోజా, కుసుమల నుదుళ్లు కొట్టుకున్నాయి. ఇద్దరూ లోపలి వైపే వచ్చారు. వెనక వాళ్లు ఆగలేక ఒకరి మీద ఒకరు, పైన ముడి. విప్పడానికి నిచ్చెన కావాల్సి వచ్చింది. మాస్టర్ ఇల్లు కూలింది.

మొదటి రోజు కదా, పరవాలేదు అనుకున్నాం. కుసుమ నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. రోజా దానికి పసుపు రాస్తూ సారీ సారీ అంటోంది. నాతో మాత్రం మాట్లాడలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

మళ్లీ అదే చోట. నాలుగుసార్లు మొదలుపెట్టాం, నాలుగుసార్లూ పాట జోరందుకునే చోటే ఢీ. మిగతా ఎక్కడా తప్పు లేదు. కుసుమ ఫోను తీసి, అక్కా, ఇక్కడ నేను లోపలికి, మీరు బయటికి, చూడండి అని వీడియో చూపించింది. కుసుమదే కరెక్టు. మాస్టర్ కూడా, రోజమ్మా, నువ్వు మర్సిపోయినావు తల్లీ అన్నాడు.

నేను ఎప్పుడూ తిరిగినట్టే తిరుగుతాండా, నాకేం తెల్దు అంది రోజా. కళ్లలో నీళ్లు. తాడు వదిలేసి చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు ఆడిన కోపు, నిద్రలో లేపి తాడిచ్చినా తిరుగుతుంది రోజా. మరిచిపోవడమేంటి? కావాలనే చేస్తోంది. అంబిక చోట ఇంకో మనిషి నిలబడటం దానికి ఇష్టం లేదు. నాకు మాత్రం ఇష్టమా? నేను ఓర్చుకోవడం లేదా? వాళ్లమ్మ వంకాయలకు కూడా అప్పుడే చెప్పిపెట్టిందట!

ఇంటికొచ్చి పెద్ద జారులో చట్నీ వేశాను. కోపంగా వేసినా అంటుకోవడం మానదు.

ఏప్రిల్ 27

ఎక్కలేదు. మునిస్వామన్న బీడీ కట్ట తీయబోతే వద్దన్నాను.

మే 1, సాయంత్రం

సెలవు పెట్టాను. లోకేష్ షాపుకు వెళ్లాను. అంబిక భర్త. మదనపల్లెలో సెల్‌ఫోన్ రిపేర్ షాపు. మేం ఎక్కడ ఆడినా వీడియో తీసేది అతనే. రోజా తప్పు రోజాకే చూపించి నోరు మూయించాలని వీడియో కోసం పోయాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

లోకేష్ ఆ ఫోల్డర్ అంబిక పోయాక తెరవలేదట. అక్కా, నువ్వు ఉండావు గాబట్టి తెరుస్తా అని షట్టర్ సగం దించాడు. ఇద్దరం స్టూళ్ల మీద కూర్చున్నాం.

ముందు అంబికే వచ్చింది, స్క్రీన్ నిండా. కెమెరా దగ్గరికొచ్చి, నన్ను లావుగా తీస్తే ఇంటికి రావొద్దు అని లోకేష్‌ను బెదిరిస్తోంది. మేం నవ్వేశాం.

తర్వాత జడకోపు. పాట జోరందుకునే చోటు రాగానే స్లోలో పెట్టమన్నాను.

తప్పింది అంబిక.

జోరు పెరగ్గానే దానికి పూనకం వచ్చినట్టయింది. మొహమంతా నవ్వు. లోపలి నుంచి రావాల్సింది బయటి నుంచి వచ్చేసింది. ఎదురుగా రోజా. అది బయటి నుంచి పోవాలి. పోలేదు. చటుక్కున లోపలికి దూరి, మోచేత్తో అంబిక నడుము మీద చిన్న పోటు పొడిచి ముందుకు నెట్టేసింది. ఇద్దరూ తారుమారయ్యారు గనక ముడి లేదు. జడ నున్నగా దిగుతోంది. విప్పేటప్పుడు కూడా ఆ చోటికి రాగానే అంతే, మళ్లీ మోచేయి.

ఇంకో వీడియో పెట్టమన్నాను. గుర్రంకొండలో ఆడింది. అక్కడా అంతే. ఇంకొకటి. అంతే. నాలుగేళ్లూ అంతే! నేను పక్కనే ఉన్నాను, పసుపు తాడు పట్టుకుని పైకి చూస్తూ, ఏమీ తెలియకుండా.

లోకేష్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అక్కా, ఇంటికొచ్చినాక ప్రతిసారీ చెప్పేది, అందురూ ఎప్పుడో ఒకసారి తప్పినారు గానీ నేను మాత్రం ఒక్కసారి గూడా తప్పలేదని, నాకు చెప్పీ చెప్పీ ప్రాణం తీసేది అన్నాడు. ఇద్దరం ఎంత నవ్వామంటే పక్క షాపు అబ్బాయి షట్టర్ కింద నుంచి తొంగి చూశాడు. నవ్వుతూనే ఏడ్చాం. మొహాలు తుడుచుకోడానికి లోకేష్ స్క్రీన్లు తుడిచే గుడ్డ ఇచ్చాడు.

రోజా మరిచిపోలేదు. కావాలనీ చేయలేదు. అంబిక వస్తుందని దాని ఒళ్లు ఇంకా లోపలికి తప్పుకుంటోంది. పాపం, దానికే తెలియదు.

మే 2, ఉదయం 7.05

బస్సు దిగి రోజా దగ్గరికి వెళ్లాను. అది ఫోను చెవికి పెట్టుకునే లోపే చెయ్యి పట్టుకున్నాను. రేపు ఒక్కసారి రా, కుసుమ కాదు, నీకు జత నేను నిలబడతా, రేపు గూడా ముడి పడితే ఇంక నిన్ను పిలవను, జారు గూడా నువ్వే ఉంచుకో అన్నాను. వీడియో సంగతి చెప్పలేదు. చెబితే దాని కాళ్లు ఆలోచించడం మొదలుపెడతాయి.

చెయ్యి వెంటనే విడిపించుకోలేదు.

అదే రోజు, సాయంత్రం 6

తప్పు చేయడం ఇంత కష్టమని తెలియదు. ఫ్యాన్ కొక్కేనికి పాత చీర కట్టి తిరుగుతున్నాను. కాళ్లు వాటంతటవే సరైన వైపు పోతున్నాయి. రోజా స్థానంలో మా ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి తప్పుకోవయ్యా అంటే బయటికి తప్పుకుంటాడు. మూడుసార్లు గుద్దుకున్నాం. పెండ్లయినప్పట్నించీ ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదే అన్నాడు. తువ్వాలుతో ఒకటి వేశాను.

మే 3, ఆదివారం

రోజా ఆలస్యంగా వచ్చింది. నిన్న రాత్రంతా వద్దనుకుని పొద్దున బయల్దేరిందట, తర్వాత చెప్పింది.

కుసుమకు నా పసుపు తాడు ఇచ్చి నేను పచ్చతాడు పట్టుకున్నాను. మాస్టర్ ఏదో అనబోయి, నా మొహం చూసి పాట ఎత్తుకున్నాడు. ముందు చుట్లు ఎట్లా తిరిగానో తెలియదు. పాట జోరందుకుంది. ఎదురుగా ఎర్ర తాడు వస్తోంది. కళ్లు మూసుకుని బయటికి వెళ్లాను.

నడుము మీద మోచేయి పోటు.

ముడి పడలేదు. నేను ముందుకు పోయాను. వెనక తాళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి చూస్తే రోజా ఉన్న చోటే నిలబడి తన మోచేయి తాను చూసుకుంటోంది. అందరి చేతుల్లో తాళ్లు బిగుసుకుని ఉన్నాయి. మాస్టర్ పాట మధ్యలో నోరు తెరిచి ఆగిపోయాడు.

నీకెట్ల తెలుసు అంది. లోకేష్ వీడియోలు చూశానన్నాను. తప్పింది నువ్వు కాదు, అంబిక అన్నాను. నాకూ ఇప్పుడే తెలుస్తాండాది అంది రోజా. మొదట్లో కొన్నిసార్లు కావాలనే సర్దిందట, తర్వాత అలవాటై అసలు అదే కోపు అనుకుందట. మరి అంబికకు ఎందుకు చెప్పలేదంటే, చెప్తే అది ఆడేది మానేసుండేది కమలా, పాట జోరైతే దాని మొగం సూసినావా, ఆ మొగం సూసి తప్పని యాల చెప్పేది అంది.

తర్వాత ఇంకో మాట అంది. నీ మీద కోపం లేదే నాకు. ఇంట్లో ఉంటే అంబిక మదనపల్లెలో ఉండాదిలే అనుకోవచ్చు. నిన్ను సూస్తే మాత్రం నా కండ్లు నీ పక్కన ఇంకో మనిసిని ఎతుకుతాయి. అది లేదని నాకు తెలిసేది నిన్ను సూసినప్పుడే.

నాకూ అంతే అన్నాను. నిజంగా అంతే. ఇన్నాళ్లూ నేను తిరిగి ఫోన్ చేయకపోవడానికి కారణం అదేనని రోజా చెప్పాక తెలిసింది. తాళ్లు వదలకూడదు గనక ఒక చేత్తోనే కౌగిలించుకున్నాం. ఎరుపూ పచ్చా మెలిపడి అప్పుడు ముడి పడింది, గట్టిగా. మాస్టర్ నిచ్చెన తెమ్మనలేదు. పై పంచెతో కళ్లు తుడుచుకుంటూ ఆయనే ఎక్కి విప్పాడు.

కుసుమ మాత్రం, అక్కా, మరి ఇప్పుడు ఏది కరెక్టు అని అడిగింది. పాపం, ఆ అమ్మాయి బాధ ఆమెది. ఇద్దరూ సరిగ్గా తిరగడం నేర్చుకుంటే పోలా అని మాస్టర్ కూడా అన్నాడు. మేమిద్దరం ఒకేసారి కుదరదన్నాం.

మే 4

ఎక్కింది! యాడికి అన్నాను. నీ నెత్తి మీదికి అంది. పెద్దపంజాణికి కొట్టాను.

మే 14

రోజూ ఎక్కుతోంది. మునిస్వామన్న ముందు సీటు దానికే ఉంచుతున్నాడు, తన వల్లే ఇదంతా అయినట్టు. వారం పొడవునా పశువుల కబుర్లు. నిన్న ఒక పుంగనూరు పొట్టి ఆవు డాక్టర్ కళ్లద్దాలు నమిలిందట. బస్సంతా వింది.

జారు అడిగితే, జాతరకు తెస్తాలే అంటోంది.

మే 20, రాత్రి, కుప్పం, సుబ్బలక్ష్మమ్మ ఇల్లు

కాళ్లు లాగేస్తున్నాయి. అయినా రాయాలి.

మేం దిగేసరికే వీధి కిక్కిరిసి ఉంది. ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం, మధ్యలో మా తెలుగు. అసలు చిక్కు వేరే ఉంది. చక్రం కట్టడానికి దూలం లేదు! కమిటీవాళ్లు కోలాటం అన్నారు గానీ తాళ్ల సంగతి ఎవరూ అనుకోలేదట. కరెంటు స్తంభానికి కడదామని ఒకాయన అంటే మాస్టర్ నమస్కారం పెట్టేశాడు. చివరికి కాలువ పని చేస్తున్న జేసీబీని పిలిచారు. దాని చేతిని పైకెత్తి, బకెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రం కట్టారు. జేసీబీ అబ్బాయి క్యాబిన్‌లో నుంచి దిగనన్నాడు, ముందు సీటు వదులుకోవడానికి వాడేమైనా పిచ్చివాడా!

సుబ్బలక్ష్మమ్మ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పచ్చతాడు నా చేతిలో చూసి ఒకసారి కళ్లు మూసుకుంది. తర్వాత, కానీండమ్మా, యాల నిలబడినారు అని గట్టిగా కేకేసింది.

ఆడాం. పాట జోరందుకునే చోట బయటికి వెళ్లాను, మోచేయి తగిలింది, నవ్వొచ్చింది. నా నవ్వు చూసి రోజాకు నవ్వొచ్చింది. జడ మొత్తం దిగింది, మా పదహారు రంగులు, నున్నగా. ఈలలు. అమ్మవారికి చూపించి, తిరగేసి విప్పడం మొదలుపెట్టాం. సుబ్బలక్ష్మమ్మ ముందు నుంచి పోయేటప్పుడు ఆమెనే చూశాను. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది, పక్కావిడకు నన్ను చూపించి ఏదో చెబుతోంది. చివరి తాడు విడిపోయేదాకా ఎక్కడా ముడి లేదు. మాస్టర్ జేసీబీకి దండం పెట్టాడు.

భోజనాల దగ్గర వంకాయ కూర, సంగటి. రోజా సంచిలోంచి నా చిన్న జారు తీసింది. దాని నిండా చెనక్కాయల చట్నీ, మా పక్క ఊరిబిండి అంటాం. మూత మాత్రం నాది కాదు, వేరే ఏదో జారుది. నా మూత ఏదే అంటే, అది ఇంట్లో ఉండాదిలే, దానికోసం ఒకసారి రా అంది. నడుమ ఒక ఆకు ఖాళీగా వేసి, దానికి అటూ ఇటూ మేం కూర్చున్నాం. ముందే అనుకున్నది కాదు. సుబ్బలక్ష్మమ్మ వచ్చి ఆ ఆకులో కూర్చుని, ఇద్దరి ఆకుల్లోంచీ ఊరిబిండి తీసుకుని తినింది.

మే 22, ఉదయం 7.20

లోకేష్ కుప్పం వీడియో పంపాడు. పుంగనూరు దాటాక చూశాను. విప్పేటప్పుడు, సుబ్బలక్ష్మమ్మ గుమ్మం ముందు, నేను నిజంగానే తప్పాను. అనుకుని చేసిన చోటు కాదు, వేరే చోటు. నాకు తెలియనే లేదు. అక్కడా నా నడుము దగ్గర రోజా మోచేయి ఉంది.

రోజా ముందు సీట్లో నిద్రపోతోంది. చూశానని చెప్పను.